ఆన్‌లైవ్ కాలానికి ముందు పుట్టి పోయిందా, లెక్క తప్పి పోయిందా?

పాత ఆటగాడు:

క్లౌడ్ గేమింగ్ తొలినాటి సంస్థల్లో పేరు మోసిన ఆన్‌లైవ్ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "పాపం, పదేళ్లు ముందు పుట్టింది" అంటారు. గూగుల్ నడిపిన ఇలాంటి సేవే అయిన స్టేడియా మూసివేత మీద ఇక్కడ జరిగిన చర్చలో కూడా ఒక మిత్రుడు ఇదే వాక్యంతో సంగతి తేల్చేశారు. ఆ వాక్యంతో నాకు పేచీ ఉంది కాబట్టి దీన్ని వేరే చర్చగా పెడుతున్నాను.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఆపిల్‌లో క్విక్‌టైమ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ మీద పనిచేసి, తర్వాత టీవీలో ఇంటర్నెట్ చూపించే వెబ్‌టీవీ పెట్టి 1997లో దాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మిన స్టీవ్ పెర్ల్‌మన్, రియర్డెన్ అనే తన సంస్థలో ఏళ్ల తరబడి పొదిగిన ఆలోచనను 2009 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో, గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ జరుగుతున్న సమయంలో బయటపెట్టారు. ఆట ఎక్కడో ఉన్న డేటా సెంటర్‌లో నడుస్తుంది, దాని బొమ్మ వీడియోగా మన తెరకు వస్తుంది, మనం నొక్కిన బటన్ తిరిగి అక్కడికి వెళుతుంది. కాబట్టి ఇంట్లో ఖరీదైన కంప్యూటర్ గానీ, టీవీకి తగిలించే ఆటల యంత్రం, అంటే కన్సోల్ గానీ అక్కర్లేదు. 2010 జూన్ 17న అమెరికాలో సేవ మొదలైంది. 2012 ఆగస్టు 17న, అంటే సరిగ్గా 26 నెలలకు, ఉద్యోగులందరినీ ఒకేసారి తీసేశారు.

అప్పుడు నేను టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండేవాడిని. మొదట్లో ఈ సేవ వైఫై మీద నడిచేది కాదు, తీగ ఉండాల్సిందే. హాల్లో రౌటర్ నుంచి పడకగది దాకా, గుమ్మం కింద నుంచి పొడవాటి ఈథర్‌నెట్ తీగ లాగి, సినిమాలు చూడటానికే ఆయాసపడే ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో ఆట తెరిచాను. అది నడిచింది. కెమెరాను గబుక్కున తిప్పితే గడ్డి, ఆకులు అలికినట్లు అయి, ఆగిన వెంటనే మళ్లీ తేరుకునేవి. అంతకు మించి నాకు ఇబ్బంది తోచలేదు. డల్లాస్ ప్రాంతంలో వాళ్ల డేటా సెంటర్ ఉండటం నా అదృష్టమని ఒప్పుకుంటాను.

కాబట్టి సాంకేతికత పనిచేయక పోయిందనే మాటను నేను ఒప్పుకోను. నెలకు 14.95 డాలర్ల చందా అని ప్రకటించి, అమ్మకానికి వచ్చేసరికి తొలి ఏడాది ఉచితమని చెప్పి, అదే ఏడాది అక్టోబరుకల్లా అసలు చందాయే లేదని తేల్చి, డిసెంబరులో నెలకు 9.99 డాలర్లకు ఆటల మూటగా ప్లేప్యాక్ ప్రకటించిన సంస్థకు తన సరుకు ధర ఎంతో తనకే తెలియదని నా అభిప్రాయం. పెళ్లికి వేయి విస్తళ్లు వేయించి బంతికి వంద మందిని కూర్చోబెట్టినట్లయింది వ్యవహారం. దీన్ని తొందరపాటు అనవచ్చు గానీ, ముందుచూపు అనడం దండగ.

నెట్‌వర్క్ ఉద్యోగి:

ఆటగాడు గారూ, మీరు డేటా సెంటర్ పక్కనే కూర్చుని ఆడి అందరి తరఫునా తీర్పు చెబుతున్నారు. అందుకని ముందుగా దూరం లెక్క చూద్దాం.

ఫైబర్ తీగలో కాంతి ఒక మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. డేటా సెంటర్‌కు వెయ్యి మైళ్లలోపు, అంటే దాదాపు 1,600 కిలోమీటర్ల లోపు ఉన్నవారికి సేవ బాగా అందుతుందని పెర్ల్‌మన్ చెప్పేవారు. తీగ గీత గీసినట్లు తిన్నగా ఉంటే పోవడానికి 8, రావడానికి 8 మిల్లీసెకన్లు చాలు. కానీ తీగలు తిన్నగా ఉండవు, దారిలో రౌటర్లుంటాయి, చివర మన వీధిలోని కేబుల్ లేక డీఎస్ఎల్ (ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్) లైను ఉంటుంది, అది ఒక్కటే ఒక్కోసారి మిగతా దారినంతా మించిపోతుంది. సర్వర్‌లో ఒక ఫ్రేము, అంటే ఒక్క బొమ్మ, తయారు కావడానికి సెకనుకు 60 చొప్పున 16.7 మిల్లీసెకన్లు, దాన్ని కుదించడానికి కొంత, మన దగ్గర విప్పడానికి కొంత, టీవీ చూపించడానికి మరికొంత పడుతుంది. బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద మార్పు కనిపించే దాకా 80 మిల్లీసెకన్లకు మించదని 2009లో ఆయన చెప్పారు. సేవ మొదలయ్యాక ఆటల వెబ్‌సైట్ యూరోగేమర్‌కు చెందిన సాంకేతిక విభాగం డిజిటల్ ఫౌండ్రీ కొలిస్తే అనుకూల పరిస్థితుల్లోనే 150 దగ్గర తేలింది, కొన్ని సందర్భాల్లో 200 దాటింది. ఇదెలాగూ నడవదని 2009లోనే వారు పెద్ద వ్యాసం రాశారు; నడవదన్నది నడిచింది, కానీ చెప్పినట్లు నడవలేదు.

ఇంటర్నెట్ వాడకం సంగతి కూడా మరిచిపోకూడదు. 720పీ (హెచ్‌డీ) బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్ల వేగం ఉండాలన్నారు. ఆ లెక్కన గంటకు 2.25 గిగాబైట్లు ఖర్చవుతాయి. ఆ రోజుల్లో అమెరికాలో ఇంటర్నెట్ ఇచ్చే కామ్‌కాస్ట్ వాడకందారుకు నెలకు 250 గిగాబైట్ల పరిమితి ఉండేది, అంటే ఇంట్లో మరెవరూ ఏమీ చూడకుండా ఉంటే ఆటకు 111 గంటలు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇది సరిపోతుందా? దేశంలోని వైరింగే దానికి సిద్ధంగా లేనప్పుడు ముందు పుట్టిందనక ఏమనాలి?

బెజవాడ వాసి:

మీరిద్దరూ 5 మెగాబిట్ల గురించి అంత మామూలుగా మాట్లాడుతుంటే నవ్వు వస్తోంది. ఆ రోజుల్లో మన దేశంలో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చని ప్రభుత్వ నిర్వచనం. 2013లో గానీ అది 512కు పెరగలేదు. ఆన్‌లైవ్ ప్రకటన వీడియోను నేను మొత్తంగా చూడటానికి, నిలిపి నిలిపి, ఒక పూట పట్టింది. ఆటగాడు గారి వాదన అమెరికా వరకు నిలబడుతుందేమో గానీ, ప్రపంచమంతటికీ కన్సోళ్లను అనవసరం చేస్తామని బయలుదేరిన సంస్థ గురించి మాట్లాడేటప్పుడు ఇంత చిన్న పటం సరిపోదు.

జమాఖర్చులు:

నేను ఆటలు ఆడను, ఖాతాలు చూసే వృత్తిలో ఉన్నాను. కాబట్టి మిల్లీసెకన్ల గొడవ మీకు వదిలేసి, సర్వర్ల గురించి రాస్తాను. అసలు కొంప అక్కడే మునిగిందని నా నమ్మకం.

ఒక వెబ్‌సైట్ నడిపేవారికి క్లౌడ్ ఎందుకు లాభిస్తుందంటే, ఒకే యంత్రం ఒకేసారి వందల మందికి పనిచేస్తుంది, ఒక ప్రాంతంలో రద్దీ పెరిగితే మరో ఖండంలోని ఖాళీ యంత్రం కూడా ఆదుకుంటుంది. ఆటలకు ఈ రెండు సౌకర్యాలూ లేవు. గట్టి గ్రాఫిక్స్ ఉన్న ఆట ఆడుతున్నంతసేపు ఒక మనిషికి ఇంచుమించు ఒక గ్రాఫిక్స్ కార్డును, అంటే ఆట బొమ్మలు గీసే యంత్ర భాగాన్ని, అప్పగించవలసిందే. ఆ కార్డు కూడా అతనికి దగ్గర్లో ఉండాలి. నెట్‌వర్క్ ఉద్యోగి గారి లెక్కే తీసుకుంటే, కాలిఫోర్నియాలోని సాంటా క్లారాలో ఖాళీగా ఉన్న యంత్రాన్ని 4,000 కిలోమీటర్ల అవతల తూర్పు తీరంలోని ఆటగాడికి ఇస్తే రానూపోనూ తీగలోనే 40 మిల్లీసెకన్లు పోతాయి. అందువల్ల ప్రతి ప్రాంతంలోనూ, అక్కడి సాయంత్రం వేళ గరిష్ఠ రద్దీకి సరిపడా యంత్రాలు విడివిడిగా కొని పెట్టుకోవాలి. రాత్రి పదకొండు దాటితే మర్నాడు సాయంత్రం దాకా అవి కరెంటు తాగుతూ కూర్చుంటాయి. తగ్గే విలువ మాత్రం రోజంతా తగ్గుతూనే ఉంటుంది, మూడేళ్ల తర్వాత కొత్త ఆటలకు ఆ కార్డు చాలదు.

ఇప్పుడు గిరాకీ వైపు చూడండి. 2012 ఆగస్టులో సంస్థ చేతులు మారిన సమయంలో ఇచ్చిన ప్రకటన ప్రకారం చందాదారులు 25 లక్షల పైచిలుకు, అందులో చురుగ్గా వాడేవారు 15 లక్షల పైచిలుకు. పాత సంస్థ మూతపడిన రోజుల్లో పత్రికలకెక్కిన లెక్క ప్రకారం ఒకే సమయంలో ఆడినవారి సంఖ్య ఏనాడూ 1,600 దాటలేదు, అవతల సిద్ధంగా ఉంచిన సర్వర్లు వేలల్లో ఉన్నాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉచితంగా ఖాతా తెరిచి ఒకసారి తొంగిచూసి వెళ్లినవారితో చిట్టా నిండిందే తప్ప గల్లాపెట్టె నిండలేదు.

2012 జనవరిలో ఐప్యాడ్‌లో విండోస్ చూపించే ఆన్‌లైవ్ డెస్క్‌టాప్ తెచ్చారు. పగటిపూట పనిలేని యంత్రాలకు పని చూపించే ప్రయత్నంగా నాకది కనిపిస్తుంది. ఆలోచన మంచిదే, కానీ లైసెన్సు సక్రమంగా లేదని మార్చిలో మైక్రోసాఫ్ట్ బహిరంగంగా చెప్పింది.

నెట్‌వర్క్ ఉద్యోగి:

జమాఖర్చుల గారి సర్వర్ల లెక్క నేను ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. అయితే ఆ లెక్క నా వాదననే బలపరుస్తోంది.

ఆన్‌లైవ్ మొదలైన రోజున బొమ్మను వెంటనే కుదించే పనికి వాళ్లు సొంతంగా చిప్ చేయించుకోవలసి వచ్చింది. గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్విడియా 2012లో తెచ్చిన కెప్లర్ కార్డుల్లో ఆ కుదింపు యంత్రాంగం కార్డులోనే అమరి వచ్చింది. అదే ఏడాది మే నెలలో, ఒక కార్డును పలువురు ఆటగాళ్లకు పంచగలిగే గ్రిడ్ అనే ఏర్పాటును ఎన్విడియా ప్రకటించింది. అంటే మీరు చెప్పిన 'మనిషికో కార్డు' ఇబ్బంది తీరే దారి, ఆన్‌లైవ్ మునగడానికి మూడు నెలల ముందు కనిపించింది. రెండేళ్లు ఆగి మొదలుపెట్టి ఉంటే యంత్రాల ఖర్చు ఎంత తగ్గేదో ఊహించండి. ముందు పుట్టడం అన్నది మన వీధి లైనుకు మాత్రమే సంబంధించిన మాట కాదు.

పాత ఆటగాడు:

చిప్ విషయం నేను ఆలోచించలేదు, ఆ మేరకు వెనక్కి తగ్గుతున్నాను. కానీ అదే కాలంలో, అవే కార్డులతో, అవే తీగల మీద నడిచిన గైకాయ్ సంగతి ఏమిటి?

ఆటల రూపకర్త డేవిడ్ పెర్రీ మరో ఇద్దరితో కలిసి పెట్టిన ఆ సంస్థ ఆటగాడి జేబు వైపు చూడలేదు. ఆట కొనేముందు కాసేపు ఆడి చూసేందుకు వెబ్ పేజీలోనే నమూనా నడిపించి, ఆడిన సమయాన్ని బట్టి ఆట తయారుచేసిన ప్రచురణ సంస్థ దగ్గర డబ్బు తీసుకుంది. ఎవరైనా పది నిమిషాలు ఆడి వెళ్లిపోతే ఆన్‌లైవ్‌కు అది నష్టం, గైకాయ్‌కు అదే రాబడి. ఆన్‌లైవ్ ప్రకటన రోజున వేదిక మీద పేరున్న ఆటల ప్రచురణ సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, సేవ మొదలయ్యేసరికి అక్కడ లేదు. తర్వాత గైకాయ్‌తో కలిసింది. 2012 జులై 2న సోనీ ఆ సంస్థను 38 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. సరిగ్గా 46 రోజుల తర్వాత ఆన్‌లైవ్ ఉద్యోగులు అట్టపెట్టెల్లో సామాను సర్దుకున్నారు. కాలం ఇద్దరికీ ఒక్కటే కదా?

జమాఖర్చులు:

ఆటగాడు గారు ఒక చిన్న మెలిక దాటవేశారు. గైకాయ్‌ను సోనీ కొన్నది కాబట్టి దాని వ్యాపారం లాభాల్లో ఉందని అర్థం కాదు. అమ్ముడుపోవడం, సంపాదించడం వేర్వేరు విషయాలు. పెర్రీ బృందం కొనేవాడు కనిపించినప్పుడు అమ్మింది, అంతవరకే మనం చెప్పగలం. ఆ సాంకేతికతతో సోనీ ప్లేస్టేషన్ నౌ పేరిట సేవను ప్రకటించింది 2014 జనవరిలో, అంటే వెనుక ఒక పెద్ద కన్సోల్ వ్యాపారం ఉండి కూడా ఏడాదిన్నర పట్టింది.

ఆన్‌లైవ్ అమ్మకం జరిగిన తీరు గురించి కూడా రాయాలి, ఎందుకంటే మనం సర్వర్ల గురించి ఇంత మాట్లాడి మనుషుల్ని వదిలేస్తున్నాం. కాలిఫోర్నియాలో దివాలాకు ప్రత్యామ్నాయంగా ఒక పద్ధతి ఉంది: సంస్థ తన ఆస్తులన్నీ అప్పులవాళ్ల తరఫున ఒక మధ్యవర్తికి అప్పగిస్తుంది, ఆయన వాటిని అమ్మి వచ్చింది పంచుతాడు. 2012 ఆగస్టు 17, శుక్రవారం ఉదయం ఉద్యోగులను సమావేశపరిచి చెప్పింది ఇదే. ఆస్తులు వెంచర్ పెట్టుబడిదారు గ్యారీ లాడర్ పెట్టిన కొత్త సంస్థకు చేరాయి. ధర 48 లక్షల డాలర్లని తర్వాత బయటికి వచ్చింది. పేరు అదే, సేవ ఒక్క రోజు కూడా ఆగలేదు, ఆటగాళ్లకు తేడా తెలియలేదు. ఉద్యోగుల్లో సుమారు సగం మందిని మళ్లీ తీసుకున్నారు, కానీ జీతానికి తోడుగా ఏళ్ల తరబడి పోగేసుకున్న వాటాలన్నీ చిత్తు కాగితాలయ్యాయి. 2011లో 4 కోట్ల డాలర్లు పెట్టిన ఫోన్ల తయారీ సంస్థ హెచ్‌టీసీ ఆ మొత్తాన్ని నష్టంగా రాసుకుంది. ఆగస్టు 16న ఉన్న సర్వీసే ఆగస్టు 18న కూడా నడుస్తోందంటే, చచ్చిపోయింది సాంకేతికత కాదు. ఈ ఒక్క విషయంలో నేను ఆటగాడు గారి పక్షం.

డిస్కుల పెట్టె:

మీ ముగ్గురి వాదనల్లో కొనేవాడు ఎక్కడా కనిపించడం లేదు కాబట్టి నేను కలగజేసుకుంటున్నాను. ఆ 15 లక్షల మంది ఎందుకు డబ్బు తీయలేదన్న ప్రశ్నకు జవాబు తీగల్లోనూ లేదు, కార్డుల్లోనూ లేదు. ఆన్‌లైవ్‌లో ఒక కొత్త ఆటను పూర్తి ధర పెట్టి కొన్నా మన చేతికి డిస్కు రాదు, మన కంప్యూటర్‌లోకి ఫైలు రాదు, అమ్ముకోవడానికీ అరువివ్వడానికీ ఏమీ ఉండదు. పైగా మొదటి రోజుల్లో కొన్న ఆటల మీద, 2013 జూన్ 17 వరకు అందుబాటులో ఉంటుందన్న అర్థం వచ్చే మాట రాసి ఉండేది. కిరాయికిచ్చి కొనుగోలు ధర తీసుకున్నట్లయింది. చిత్రమేమంటే 2011 సెప్టెంబరులో బ్రిటన్‌లో సేవ మొదలైనప్పుడు మొదటి ఆట ఒక్క పౌండుకే ఇచ్చారు, యూరోగేమర్ ప్రదర్శనకు వచ్చినవారికి, ఈ సేవను టీవీలో ఆడించే మైక్రోకన్సోళ్లు ఉచితంగా పంచారు. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె, దానితో పాటు వచ్చే వైర్‌లెస్ కంట్రోలర్ కలిపి అమెరికాలో 99 డాలర్లు. నిజమైన కన్సోల్‌లా బరువైన ఆ కంట్రోలర్ చూసి ముచ్చటపడనివారు లేరు. కానీ ముచ్చటపడటం వేరు, మూడేళ్ల గడువున్న ఆటకు 50 డాలర్లు తీయడం వేరు.

డిస్కులు అమ్మే దుకాణాలకు మాత్రం ఈ ముప్పు బాగానే తెలుసు. 2011 ఆగస్టులో డ్యూస్ ఎక్స్ కొత్త ఆట పీసీ పెట్టెలో ఆన్‌లైవ్‌లో ఉచితంగా ఆడుకునే కూపన్ పెట్టి పంపితే, అమెరికాలోని ఆటల దుకాణాల సంస్థ గేమ్‌స్టాప్ తన సిబ్బంది చేత సీలు వేసిన పెట్టెలు తెరిపించి ఆ కాగితాన్ని తీయించింది. గొడవ రేగాక ఆ ఆటనే అరల్లోంచి తీసేసి, కొన్నవారికి 50 డాలర్ల గిఫ్ట్ కార్డులు ఇచ్చి సర్దుకుంది. ఆ సంస్థ అంతకు కొన్ని నెలల ముందే స్ట్రీమింగ్ మీద పనిచేసే స్పాన్ ల్యాబ్స్‌ను కొన్నదన్నది గుర్తుంచుకోవాలి. ఒక కాగితం ముక్కకు అంత భయపడ్డారంటే, కాలానికి ముందు వచ్చిందన్న మాటను ఆ దుకాణదారులు ఒప్పుకునేవారు కాదు.

బెజవాడ వాసి:

2015లో జరిగిన చివరి అంకం గురించి ఎవరూ రాయలేదు. ఆన్‌లైవ్ నుంచి సోనీ కొన్నది ఏమిటి, ఎందుకు కొన్నది? గైకాయ్‌ను అంతకు ముందే కొన్నవారికి ఆన్‌లైవ్‌తో ఏం పని?

నెట్‌వర్క్ ఉద్యోగి:

కొన్నది సేవను కాదు, ముఖ్యంగా పేటెంట్లను. అమెరికాలోనూ బయటా కలిపి రమారమి 140. 2015 ఏప్రిల్ 2న ప్రకటన వచ్చింది, 30న సేవ ఆగిపోయింది. మధ్యలో 2014 మార్చిలో క్లౌడ్‌లిఫ్ట్ పేరుతో, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో మీరు అప్పటికే కొన్న ఆటను మా సర్వర్‌లో ఆడండి అనే ఏర్పాటు ఒకటి తెచ్చారు. డిస్కుల పెట్టె గారు చెప్పిన సొంతదారు బాధకు అదే సరైన జవాబు, ఇవాళ ఎన్విడియా వారి క్లౌడ్ గేమింగ్ సేవ జీఫోర్స్ నౌ నడుస్తున్నది ఇంచుమించు ఆ పద్ధతిలోనే. మొదటి రోజునే ఆ దారి పట్టి ఉంటే ఏమయ్యేదో! ఈ ఒక్క తప్పు మాత్రం కాలానిది కాదని ఒప్పుకుంటాను.

పాత ఆటగాడు:

మీరు అంత ఒప్పుకున్నాక నేను కూడా ఒక మాట సవరించుకోవాలి. ధర తెలియని సంస్థ అన్నాను. జమాఖర్చుల గారు రాసినది చదివాక, ధర తెలిసినా దానికి దారి లేదేమో అనిపిస్తోంది. మనిషికో కార్డు, ప్రాంతానికో దండు అనే లెక్కకు 14.95 డాలర్ల చందా కూడా సరిపోయేదా అన్నది నాకు అనుమానమే, దాన్ని సున్నా చేయడం సంగతి సరేసరి. అయినా "ముందు పుట్టింది" అన్నప్పుడు పుట్టించినవారి బాధ్యత చల్లగా జారిపోతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్ని యంత్రాలు కొనాలో నిర్ణయించింది కాలం కాదు.

డిస్కుల పెట్టె గారికి ఒక విషయం. 2013 జూన్ 17 అన్న ఆ గడువును మీరు మోసంలా చెప్పారు. పూర్తి ధర తీసుకుని గడువు పెట్టడం నాకూ నచ్చలేదు. కానీ సేవ 2015 ఏప్రిల్ చివరి దాకా నడిచింది, అంటే రాసిన గడువు కంటే 22 నెలలు ఎక్కువ. స్టేడియా మూసినప్పుడు గూగుల్ ఆటల డబ్బు వెనక్కి ఇవ్వగలిగింది, దాని వెనుక ఖజానా ఉంది. ఆన్‌లైవ్ వెనుక అలాంటిది లేదు కాబట్టి గడువు ముందే కాగితం మీద పెట్టింది. ఇవాళ డిజిటల్‌గా ఆటలు అమ్మే దుకాణాల్లో, ఫలానా తేదీ వరకు మాత్రమే అని కొనే ముందు చెప్పేది ఎక్కడైనా ఉంటే చూపించండి, మీ డిస్కుల మీద ప్రమాణం చేసి ఒప్పుకుంటాను.